శెట్టిగారి దేవిడీలో పై గది

మా అబ్బాయి కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి పాతకాలపు దర్వాజా కావాలని పట్టుబట్టి, మొన్న నన్ను కూడా వెంటబెట్టుకుని అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్ళాడు. అక్కడ హైవే పక్కన పెద్ద రేకుల షెడ్డులో, ఎక్కడెక్కడి పాత ఇళ్ళో పడగొట్టగా వచ్చిన తలుపులు, స్తంభాలు, కిటికీ చట్రాలు పేర్చి అమ్ముతారు. సినిమా సెట్టింగులకు కొనేవాళ్ళే ఎక్కువట. వాడు తలుపులను వేళ్ళతో తట్టి చూసుకుంటూ ఉంటే నేను ఎండకు ఓర్చుకోలేక షెడ్డు లోపలికంటా నడిచాను. అక్కడ విరిగిన ఊయల బల్ల వెనక, నేల మీద వెల్లకిలా పడి ఉంది ఒక రాతి జాలీ. దాని మీద చెక్కిన రెండు చిలకలు ముక్కుకు ముక్కు ఆనించి కూర్చున్నాయి. ఒక చిలకకు తల సగం లేదు. ఆ సగం తల నాకు తెలుసు. ఆ విరిగిన అంచు గరుకుదనం నా వేళ్ళకు ఇంకా గుర్తుంది. "నవాబుల కాలంది మేడం, గార్డెన్‌ల పెట్టుకుంటే మస్తుగుంటది" అన్నాడు షెడ్డు యజమాని వెనక నుంచి. నేను ఆ జాలీ పక్కన నేల మీదే కూర్చోవడం చూసి, ఎండదెబ్బ అనుకుని మా అబ్బాయి కుర్చీ తెప్పించాడు. ఎండ కాదు. ఆ చిలకల సందుల్లోంచి ఒకప్పుడు నేను విన్న మాట ఒకటుంది.

ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడితే తల మీద ఫ్లైఓవరు, దాని మీద మెట్రో, చుట్టూ బస్సుల కోసం పరిగెత్తే జనం. నా చిన్నతనంలో అక్కడ సీతాఫలం పొదలు, పెద్ద పెద్ద బండరాళ్ళు ఉండేవి. నాన్న ఆఫీసు నుంచి వచ్చే బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగిపోయేది. అక్కడి నుంచి బెజవాడ రోడ్డు పట్టుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరాలని పెద్ద పెద్ద అంగలేసి నడిచి వచ్చేవాడు. మన్సూరాబాద్ వైపు దారి మళ్ళేచోట, రోడ్డుకు కాస్త లోపలగా, మేము అద్దెకున్న ఆ పాతకాలపు మేడ ఉండేది. ఊళ్ళో అందరూ శెట్టి దేవిడీ అనేవాళ్ళు. గోల్కొండను సుల్తానులు ఏలే రోజుల్లో, బందరు రేవు నుంచి సరుకు ఎడ్ల మీద వచ్చే దారి పక్కనే ఒక వర్తకుడు కట్టించాడట. అద్దకపు బట్టలు, వజ్రాలు ఆయన వ్యాపారం. కొండ మీద రాజులకు కోటలుంటే నేల మీద నాకూ ఒకటి ఉండాలన్నట్టు కట్టించుకున్నాడు.

నాన్న సర్కారు ఆఫీసులో నక్షాలు గీసేవాడు. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి, పట్నం లోపలి అద్దెలు భరించలేక, ఒక ఆదివారం ఊరికే ఇటు తిరగడానికి వచ్చి ఆ ఇంటిని చూశాడు. చూసి ఇక వదల్లేదు. మిగతా వాళ్ళకు అది గబ్బిలాల కొంప. నాన్నకు అది పుస్తకం. ఆదివారాలు నన్ను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూపించేవాడు. ముందు పెద్ద దర్వాజా, ఏనుగు పట్టేంత ఎత్తు, దాని చెక్కలోనే మనిషి వంగితేగాని దూరలేని చిన్న తలుపు. శత్రువైనా చుట్టమైనా తల వంచే లోపలికి రావాలి. లోపల బయటి అంగణం, చుట్టూ సరుకు దింపుకునే కొట్లు, పైకప్పు దూలానికి ఇంకా వేలాడుతున్న ఇనుప కొక్కెం. ఆ కొక్కేనికే త్రాసు కట్టేవాళ్ళట. దాన్ని దాటితే మేజువాణీ హాలు, దూరం నుంచి వచ్చిన వర్తకులకు విడిది. డంగు సున్నంతో నున్నగా మెరిసే గోడలు, కమానులు, ఉత్తరపు గోడలో నిలువెత్తు గూడు, ఆ గూటిలో చిలకల జాలీ. హాలు వెనక లోపలి అంగణం, మధ్యలో నీళ్ళ తొట్టి, దానికవతల ఆడవాళ్ళ భాగం. మెట్లు ఎక్కడా బయటికి కనిపించవు. గోడ మందంలోనే దాచి, మధ్యలో హఠాత్తుగా మలుపు తిప్పి కట్టారు. ఆ మలుపులో పట్టపగలు కూడా చెయ్యి చాచి గోడ తడుముకుంటూ ఎక్కవలసిందే. అలా ఎక్కితే వచ్చేది మా పై గది. హాలు ఈ చివర, మా గది ఆ చివర, నడుమ అంగణమంత దూరం.

ఆ ఇంటికి చివరి వారసురాలు బాలమ్మవ్వ. భర్తా పిల్లలూ ఎవరూ లేరు. తెల్లచీర, నోట్లో ఎప్పుడూ వక్క, బొడ్లో తాళాల గుత్తి. పొద్దున లేచి ప్రతి గది గడప మీదా నిలబడి, లోపల ఎవరో ఉన్నట్టు "లేచిండ్రా?" అని అడిగి ముందుకు నడిచేది. మొదట్లో అమ్మకు ఒళ్ళు జలదరించేది. తర్వాత అలవాటైపోయి, అవ్వ మా గడప దగ్గర అడిగినప్పుడు "లేచాం పిన్నిగారూ" అని లోపలి నుంచి పలికేది. దర్వాజా పక్కన కొట్టులో యాదమ్మ ఉండేది. నల్గొండ పల్లె నుంచి బతకడానికి వచ్చి, రెండు బర్రెలు పెట్టుకుని పాలు అమ్మేది. కూతురికి తుర్కయంజాల్‌లో పెళ్ళి చేసింది. కొడుకు నర్సింహ ఆమె దగ్గరే ఉండి పట్నంలో కాలేజీకి పోయేవాడు. ఆ ఇంటి పొద్దు యాదమ్మ పిడకల పొగతో మొదలయ్యేది. ఆమె పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, మా పొయ్యి మీద కందిపచ్చడికి పప్పు వేగే వాసన, వాటి కింద ఎప్పుడూ పోని పాత సున్నం, గబ్బిలాల వాసన. నర్సింహ బావిలోంచి నీళ్ళు తోడితే మా బిందె కూడా నింపి మెట్ల దాకా తెచ్చిపెట్టేవాడు. "చెల్లె, మీ అమ్మను గా ఎర్ర పచ్చడి జర పెట్టుమను" అని గొంతు తగ్గించి అడిగేవాడు. నేను నర్సింహన్నా అని పిలిచేదాన్ని.

పై గదిలో మాటలు మొదట విన్నది అమ్మ. ఎండాకాలం మధ్యాహ్నం, ఆకు కదలని వేళ, అందరూ నడుము వాల్చిన సమయంలో ఎవరో గొణుగుతున్నట్టు వినిపించేది. మాట అర్థం కాదు. మగగొంతో ఆడగొంతో కూడా తెలియదు. అలమర వెనక నుంచి వస్తున్నట్టుండేది, దగ్గరికి వెళ్తే ఆగిపోయేది. అమ్మ దేవుడి పటం తెచ్చి అలమర మీద పెట్టింది. నాన్న నవ్వేశాడు గాని, తర్వాతి ఆదివారం టేపు తీసుకుని లోపలా బయటా కొలిచి, కాగితం మీద గీసి, మళ్ళీ కొలిచాడు. "ఈ గోడ ఇంత మందం ఎందుకుందో నాకు అర్థం కావడం లేదు. దీని మీద బరువేమీ లేదు" అన్నాడు. అలమర జరిపి గోడ మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట చప్పుడు మారింది, ఖాళీ కుండ మీద కొట్టినట్టు. ఉలితో గార రాలగొడితే లోపల పిడికిలి పట్టేంత నల్లటి కన్నం, దాని అంచు చుట్టూ కాల్చిన మట్టి గొట్టం. నేను చెవి పెట్టాను. చల్లటి గాలి చెవిలో ఊదింది. ఆ గాలి వెనకే, నా భుజం మీద నోరు పెట్టి చెప్పినంత స్పష్టంగా, "ఈ బర్రె ఇయ్యాల పాలు చేపలే" అంది యాదమ్మ గొంతు. ఆమె అప్పుడు హాల్లో నేల ఊడుస్తోంది.

నాన్న ఆ రోజంతా అన్నం కూడా మరిచిపోయి ఆ కన్నం సంగతే మాట్లాడాడు. మట్టి గొట్టాలు ఒకదానికొకటి చొప్పించి, గోడ లోపలే అంగణం చుట్టూ తిప్పి, హాల్లో చిలకల జాలీ వెనకకు చేర్చారని కనిపెట్టాడు. వర్తకుడు విడిదికి వచ్చిన పరదేశీలకు మర్యాదలు చేసి, విశ్రాంతి తీసుకోండని చెప్పి వచ్చి, ఇక్కడ కూర్చుని వాళ్ళలో వాళ్ళు ఏం ధర అనుకుంటున్నారో వినేవాడన్నమాట. "ఎంత తెలివి!" అన్నాడు నాన్న. గుమ్మంలో నిలబడి చూస్తున్న బాలమ్మవ్వ మాత్రం నవ్వలేదు. "ఎందుకు తెరిచినవ్ కొడకా?" అంది. గడప మీదే కూర్చుని చెప్పింది.

ఆ శెట్టికి ఒక తమ్ముడు ఉండేవాడట. ఒకరోజు హాల్లో తమ్ముడు ఎవరితోనో మంతనాలాడుతూ, అన్న ఎడ్లబండ్లు ఏ దారిన పోతాయో, ఎక్కడ అటకాయించాలో చెప్పడం శెట్టి ఈ గదిలో కూర్చుని విన్నాడు. విని కోపపడలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ బండ్లకు పెద్దగా తమ్ముణ్ణే పంపించాడు. దోపిడీగాళ్ళు సరుకు చూశారు గాని మనిషిని చూడలేదు. బండ్లతో పోయినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. "ఆ తర్వాత శెట్టి గీ గదిల పండుకుంటే, తాళమేసిన హాల్లకెళ్ళి తమ్ముని మాట ఇనొచ్చేదట. అన్నా, బండ్లు కట్టిన్రా, అని. గందుకే గార పెట్టి మూపిచ్చిండు" అంది అవ్వ. ఆగి, వక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుని, "చెవి మూసుకున్నడు గని గోడ మూసుకోలే" అంది. కట్టుకథై ఉంటుందిలే అన్నాడు నాన్న ఆమె వెళ్ళాక. కానీ ఆ రాత్రి కన్నంలో ఒక పాత తువ్వాలు ఉండచుట్టి దోపాడు. నేను పగలు దాన్ని లాగి వింటుండేదాన్ని.

ఆ ఏడాదే తెలంగాణ కోసం మొదటి ఉద్యమం రేగింది. బళ్ళు మూశారు. సెలవులు కాని సెలవులు. దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నాన్న కొన్ని రోజులు మలక్‌పేట నుంచే నడిచి వచ్చేవాడు. చీర కట్టు చూసి, మాట యాస విని మనిషిని తేల్చుకునే రోజులు. కూరగాయల అంగట్లో అమ్మ నోరు విప్పడం మానేసింది. వేలితో చూపించి కొనుక్కొచ్చేది. నర్సింహ అవ్వను అడిగి హాలు తెరిపించాడు. కాలేజీ పిల్లలు పొద్దుటిపూట అక్కడ చేరి మాట్లాడుకునేవాళ్ళు. నేను పైన చెవి ఆనించి కూర్చునేదాన్ని. మా కొలువులు మాకు కావాలె, మా నీళ్ళు మాకు కావాలె అనే మాటలు, ఎవరెవరి అన్నలు చదువుకుని ఖాళీగా ఉన్నారో ఆ పేర్లు, మధ్యమధ్యలో నవ్వులు. ఒక పొద్దున నాన్న ఆఫీసుకు వెళ్ళకుండా ఉండిపోయి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అప్పుడే ఒక కొత్త గొంతు అంది: "ముందుగాల గా పైన ఉన్న ఆంధ్రోన్ని ఖాళీ చేపియ్యాలె. వాడు చేసే నౌకరీ మనది కాదా?" నర్సింహ గొంతు నెమ్మదిగా వచ్చింది: "నౌకరీ మనదే. లొల్లి సర్కారు తోని. గా మనిషి జోలికి ఎవ్వరన్న పోతే ముందుగాల నన్ను దాటి పోవాలె." నాన్న తువ్వాలు మళ్ళీ కన్నంలో పెట్టేశాడు. ఆయన ముఖం అంత పాలిపోగా నేనెప్పుడూ చూడలేదు. "వాళ్ళు చెప్పేది తప్పు కాదమ్మా" అన్నాడు, నాతోనో తనతోనో.

రెండు మూడు రోజులకే జీపు వచ్చింది. ఒక పోలీసు అధికారి అంగణంలో నిలబడి నాన్నను కిందికి పిలిపించాడు. బావి దగ్గర నర్సింహ నీళ్ళు తోడుతున్నాడు. చేద చప్పుడు ఆగిపోయింది.

"మీరు ఆంధ్రా సైడు కదండీ? మీ మంచికే అడుగుతున్నా. ఇక్కడ ఎవరు చేరుతున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు, మీకు తెలియకుండా ఉండదు."

"నేను పొద్దున పోయి సాయంత్రం వస్తానండి" అన్నాడు నాన్న. "ఆ చివర హాలు, ఈ చివర మా గది. మాకేం వినిపిస్తుంది?"

జీపు వెళ్ళిపోయాక నాన్న నర్సింహను పైకి రమ్మన్నాడు. అమ్మ వద్దన్నట్టు కళ్ళతో చెప్పింది. నాన్న అలమర జరిపి తువ్వాలు తీసి చూపించాడు. "మీరు హాల్లో అనుకునేవి ఇక్కడ వినిపిస్తాయి బాబూ. ఇంకెవరికీ తెలియదు. వేరే చోటు చూసుకోండి."

నర్సింహ వంగి ఆ కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు. "అంటే అన్నీ ఇన్నరా సార్?"

"విన్నాం."

"ఖాళీ చేపియ్యాలనే మాట నేననలే సార్."

"నువ్వేమన్నావో కూడా విన్నాను" అన్నాడు నాన్న.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఆ ఇబ్బందిని తప్పించడానికేమో నర్సింహ నవ్వి, "చెల్లె, నువ్వు ఉరికి హాల్లకు పో. ఇక్కడికెళ్ళి మాట్లాడితే అక్కడ ఇనొస్తదో లేదో చూద్దాం" అన్నాడు. నేను పరుగెత్తాను. ఖాళీ హాల్లో చిలకల ముందు నిలబడ్డాను. రాతి చిలకల ముక్కుల మధ్య నుంచి అతని గొంతు వచ్చింది, నా పక్కనే ఉన్నట్టు, కానీ శరీరం లేకుండా. "ఇనొస్తుందా చెల్లె?" నాకు నవ్వు రాలేదు. ఎందుకో పరుగెత్తుకుని బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత వాళ్ళు హాలుకు రావడం మానేశారు. ఒకనాటి పొద్దున యాదమ్మ రొట్టె చేసి, మూకుడులో పెట్టి కొడుకు ముందు పెట్టింది. బయట స్నేహితులు సైకిళ్ళ మీద పిలుస్తున్నారు. "తిని పోరా" అని ఆమె అరవడం, "వచ్చి తింటనే" అని అతను దర్వాజాలో వంగి దాటడం మేము పైనుంచి చూశాం. పట్నంలో ఊరేగింపు మీద కాల్పులు జరిగాయని సాయంత్రం తెలిసింది. నర్సింహ పేరు మర్నాడు తెలిసింది. గొడవలకు భయపడి పోలీసులు దవాఖాన నుంచి నేరుగా తీసుకెళ్ళి దహనం చేసేశారు. యాదమ్మకు కొడుకు కడచూపు కూడా దక్కలేదు. అవ్వ ఆ రోజే హాలుకు తాళం వేసి, తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. మళ్ళీ తియ్యలేదు.

యాదమ్మ ఏడవలేదు. బర్రెలను ఎవరో కట్టేవాళ్ళు, ఎవరో పిండేవాళ్ళు. ఆమె కొట్టు గడపకు ఆనుకుని, ముందర ఆ మూకుడు పెట్టుకుని కూర్చునేది. మూకుడులో రొట్టె ఎండి, బూజు పట్టి, పెంకులాగా అయిపోయింది. పారెయ్యనివ్వదు. తనేమీ తినదు. అవ్వ గంజి పట్టుకెళ్తే రెండు గుటకలు మింగేది. కూతురు వచ్చి తీసుకుపోతానంటే "వాడు తినలే" అనేది. ఆ ఒక్క మాటే. అమ్మ ప్రతి సాయంత్రం సామాను సర్దుకుని వెళ్ళిపోదామని నాన్నతో పోరుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం నేను కింద తొట్టి దగ్గర ఉండగా పైన ఏదో పడ్డ చప్పుడైంది. వెళ్ళి చూస్తే నేలంతా బియ్యం, బోర్లా పడ్డ చేట, గోడకు అంటుకుపోయిన అమ్మ. "తింటనే అన్నాడే" అంది. "నా చెవులతో విన్నాను. నర్సింహే." నాన్న వచ్చాక కిందికి వెళ్ళి చూశాడు. హాలు తాళం వేసినట్టే ఉంది. గొళ్ళెం మీద సాలెగూడు. మనసులో మెదులుతున్న మాట చెవిలో పడ్డట్టు ఉంటుంది ఒక్కోసారి, అని అమ్మకు నచ్చచెప్పాడు.

అమ్మ యాదమ్మకు చెప్పలేదు. అవ్వ చెప్పిందో, ఆ ఇంట్లో మాటలు ఎలా తిరిగేవో, మర్నాడు మధ్యాహ్నం గోడలోని మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. చీకటి మలుపు దగ్గర ఆగి, మళ్ళీ ఎక్కింది. యాదమ్మ ఎన్నడూ మా గదికి వచ్చింది కాదు. పాలు కూడా కిందనే పోసేది. గుమ్మంలో నిలబడి, "అమ్మా, జర కూసుంట" అంది. అమ్మ పక్కకు జరిగింది. యాదమ్మ కన్నం పక్కన గోడకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. పొద్దు వాలేదాకా ఉండి, ఏమీ అనకుండా దిగిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. గదిలో ఆమె ఉన్నంతసేపూ మేము గిన్నె కూడా కదిపేవాళ్ళం కాదు. నేను మూలన కూర్చుని చూస్తుండేదాన్ని. ఇద్దరు ఆడవాళ్ళు ఒక నల్లటి కన్నం దగ్గర కూర్చుని ఎదురుచూడటం, ఆ కన్నంలోంచి ఊపిరిలాగా వచ్చే చల్లగాలికి యాదమ్మ నుదుటి మీది వెంట్రుకలు కదలడం, అవి కదిలినప్పుడల్లా ఆమె పెదవులు ఏదో అనబోయి ఆగిపోవడం. అమ్మ ఆ రోజుల్లోనే వెళ్ళిపోదామని అడగడం మానేసింది. "ఆమెను ఈ గోడ దగ్గర వదిలేసి ఎక్కడికి పోతామండీ?" అంది నాన్న అడిగితే.

ఒకరోజు నేను భరించలేక కిందికి వచ్చేశాను. గాలి లేదు. చెట్టు మీద కాకి కూడా లేదు. అంగణం దాటి బయటికి పోదామని హాలు ముందు నుంచి నడుస్తున్నాను. అప్పుడు తాళం వేసిన హాలు లోపలి నుంచి యాదమ్మ గొంతు వినిపించింది. మరుక్షణం అర్థమైంది, ఆమె పైన కన్నంలో నోరు పెట్టి మాట్లాడుతోంది, అది ఇక్కడ చిలకల్లోంచి వస్తోంది. అన్ని రోజులూ వింటూ కూర్చున్న మనిషి మొదటిసారి తనే అడుగుతోంది. తలుపు సందుకు కన్ను ఆనించాను. లోపల మసక. ఉత్తరపు గోడ గూట్లో రెండు చిలకలు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి.

"కొడుకా" అంది గొంతు. "తిన్నవారా?"

హాలంతా ఆ మాట తిరిగి, నేల మీద పడి, అణిగిపోయింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం మామూలుది కాదు. లోపల ఎవరో మాట్లాడబోయే ముందు ఉండే నిశ్శబ్దం అది. నా చెంప తలుపు చెక్కకు ఆనించి ఉంది, చెక్క చల్లబడింది. అప్పుడు వినిపించింది. చిలకల్లోంచి కాదు. హాలు మధ్యలోంచి. నోట్లో ముద్ద ఉన్నప్పుడు తల్లి అడిగితే కొడుకు పలికినట్టు.

"ఊఁ."

నేను మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మలుపులో మోచెయ్యి చీరుకుపోయింది. గదిలో యాదమ్మ కన్నం ముందు మోకాళ్ళ మీద ఉంది, అమ్మ ఆమె భుజం పట్టుకుని ఉంది. "ఊఁ అన్నాడు" అన్నాను. "కింద హాల్లో. నువ్వు 'తిన్నవారా' అని అడిగితే, ఊఁ అన్నాడు."

అమ్మ నన్ను భయంగా చూసింది. యాదమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో నా మోచేతి రక్తం తుడిచి, లేచి, గోడ తడుముకుంటూ దిగింది. మేము వెనకే దిగాం. కొట్టు ముందు కూర్చుని మూకుడులోని ఎండు రొట్టె తీసి బర్రె ముందు వేసింది. చెయ్యి కడుక్కుని, "అమ్మా, ఇంత బువ్వ ఉంటే పెట్టు" అంది. అమ్మ అన్నంలో కందిపచ్చడి కలిపి తెచ్చింది. యాదమ్మ తింటూ మొదటిసారి ఏడ్చింది. సాయంత్రం నాన్న రాగానే ఎదురెళ్ళి, "గా కన్నం మూసెయ్ సారూ. మల్ల మల్ల అడిగితే వాడు పోలేడు" అంది. ఆ ఆదివారం నాన్న బట్టీ నుంచి సున్నం తెచ్చి, ఇటుక ముక్కలు కుక్కి, తన చేత్తోనే గార పెట్టాడు. గార ఆరేదాకా యాదమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

మేము ఆ ఇంట్లో ఇంకా కొన్నేళ్ళు ఉన్నాం. అవ్వ పోయాక దేవిడీ చేతులు మారింది, కూలింది, ఆ చోట కాలనీ వచ్చింది. ఇప్పుడు మేముండేది దానికి కూతవేటు దూరంలోనే, లిఫ్టున్న ఇంట్లో. మా గోడలు మందం లేనివి. పక్కింటివాళ్ళ టీవీలో ఏ సీరియల్ వస్తోందో తెలుస్తుంది గాని వాళ్ళ ఇంట్లో ఎవరు తిన్నారో ఎవరు పస్తున్నారో తెలియదు. ఆ రోజుల్లో ఒకరినొకరు పొమ్మన్నవాళ్ళమే, ఒకరి పొయ్యి మీద ఏముందో అందరికీ తెలిసేది. ఏది మేలో నేను తేల్చలేను. నా మాటలో ఇప్పుడు తెనాలీ ఉంది, మన్సూరాబాదూ ఉంది. ఏ మాట ఎక్కడిదో నాకే తెలియదు.

రెండోసారి ఉద్యమం వచ్చి రోడ్లన్నీ బంద్ అయిన రోజుల్లో నాన్న మంచం మీద ఉన్నాడు. టీవీలో ఒక తల్లి కొడుకు ఫోటో పట్టుకుని ఏడుస్తోంటే చూసి, "ఆ రోజు యాదమ్మతో ఎంత గొప్ప అబద్ధం చెప్పావే అమ్మలూ. మనిషిని బతికించావు" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన అలా అనుకుంటున్నాడా? అమ్మ కూడా అలాగే అనుకుని పోయిందా? "అబద్ధం కాదు నాన్నా, విన్నాను" అన్నాను. ఆయన నవ్వి నా చెయ్యి నిమిరాడు, చిన్నపిల్లల మాటకు సరే అన్నట్టు. ఆ నవ్వు నన్ను చాలా కాలం తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. నిజంగా విన్నానా? ఆ ఎండలో, ఆ భయంలో, వినాలన్న కోరికే వినిపించిందా? నన్ను నేనే నమ్మలేని స్థితికి వచ్చాను.

రాష్ట్రం వచ్చాక ఒకరోజు తుర్కయంజాల్ వెళ్ళాను. యాదమ్మ కూతురింట్లో ఉంది. వీధిలో ఇంకా రంగు కాగితాలు వేలాడుతున్నాయి. కళ్ళు సరిగా కనపడటం లేదు గాని, గొంతు వినగానే పోల్చింది. పక్కన కూర్చోబెట్టుకుని మా అమ్మ పోయిన సంగతి అడిగి తెలుసుకుంది. నేను ఇక ఆపుకోలేక అడిగేశాను. "యాదమ్మా, ఆ రోజు నేను చెప్పింది నమ్మావా? లేక చిన్నపిల్ల ఓదార్చడానికి చెప్పిందిలే అనుకున్నావా?"

ఆమె నా మోచెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నువ్వు జెప్పినవని నమ్ముడేంది బిడ్డా? నేను గూడ ఇన్న" అంది. "మీ అమ్మ నా పక్కపొంటే ఉండె, ఆమెకు ఇనరాలే. ఆమె ముఖం జూసి, నాకే పిస్స లేసిందేమో అనుకున్న. గప్పుడే నువ్వు ఉరికొచ్చి, నేను ఇన్న మాటే జెప్తివి. గందుకే లేసిన."